రెండో ఆట

మా నాన్నకి తెనాలిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించాక ఆయనకి అందుబాటులో ఉండే సినిమా ఒక్కటే, రెండో ఆట. ఆ ఆటకొచ్చే జనమే వేరు. హోటల్ సర్వర్లు, రిక్షావాళ్ళు, ఆయనలాగే కొట్లు కట్టేసి వచ్చినవాళ్ళు. నిద్ర మానుకుని వచ్చారు కాబట్టి నచ్చినా నచ్చకపోయినా శుభం కార్డు దాకా కూచునేవాళ్ళట. "మధ్యలో లేచిపోయేది మ్యాట్నీవాళ్ళేరా" అనేవాడు నాన్న.

ఈ వ్యాసం ఇంకో రెండో ఆట గురించి. అది 1956 మే నెలలో కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పడింది. పడకపోయి ఉంటే ప్రపంచ సినిమా చరిత్ర ఆగిపోయేదని నేననను. కానీ ఏటా నవంబర్‌లో లీవులన్నీ కూడబెట్టుకుని గోవా ఫెస్టివల్‌కి పరిగెత్తే నాలాంటివాడికి, జీతం మీద కాకుండా సరదా మీద సినిమా వ్యాసాలు రాసుకునేవాడికి, ఆ సంఘటన ఒక ప్రశ్న వేస్తూనే ఉంటుంది. అసలు నీ పనేంటి, అని. (మొదటిసారి లీవ్ అడిగినప్పుడు మా మేనేజర్ "గోవాకా? ఎంజాయ్!" అన్నాడు. ఎనిమిది రోజుల్లో బీచ్ వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదంటే ఇప్పటికీ నమ్మడు.)

*

ముందు ఫెస్టివల్స్ సంగతి. వీటిని మనం కళ కోసమే పుట్టిన పవిత్రమైన చోట్లుగా ఊహించుకుంటాం. కేన్స్ పుట్టుక వెనక ఉన్నది మాత్రం ఒక పాడు అవార్డు. 1938లో వెనిస్ ఫెస్టివల్‌లో అత్యున్నత బహుమతి పేరు ముస్సోలినీ కప్. అది ఆ ఏడు లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన 'ఒలింపియా'కీ, ఒక ఇటాలియన్ సినిమాకీ వెళ్ళింది. బెర్లిన్, రోమ్ ప్రభుత్వాల ఒత్తిడి ఎవరికీ తెలియనిది కాదు. ఫ్రెంచ్ ప్రతినిధిగా వెళ్ళిన ఫిలిప్ ఎర్లాంజే, ఎవరి ఒత్తిడీ లేని ఫెస్టివల్ మనమే పెట్టుకోవాలన్న ఆలోచనతో తిరిగొచ్చాడు. ముహూర్తం 1939 సెప్టెంబర్ 1. సరిగ్గా ఆ రోజే హిట్లర్ సేనలు పోలండ్‌లోకి అడుగుపెట్టాయి. ఫెస్టివల్ ఆగిపోయింది. చివరికి 1946లో జరిగింది. ఆ మొదటి ఏడాదే పెద్ద బహుమతి పంచుకున్న పదకొండు సినిమాల్లో మన చేతన్ ఆనంద్ 'నీచా నగర్' ఒకటి.

అయితే సినిమాలని దేశాలు పంపేవి. అంటే ప్రభుత్వాలూ, అధికారులూ ఎంపిక చేసేవాళ్ళు. తెర ముందు జెండాలు, తెర వెనక పార్టీలు. బజాన్ అనే ఫ్రెంచ్ విమర్శకుడు 1955లో ఈ తతంగం మొత్తాన్నీ ఒక సన్యాసుల మఠంతో పోలుస్తూ ఓ సరదా వ్యాసం రాశాడు. రోజూ అదే వేళకి లేవడం, అదే దుస్తులు, అదే వరసలో ప్రార్థనలాగా సినిమాలు. ఈ బజాన్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

*

ఇక సినిమా. అప్పటికి సత్యజిత్ రాయ్ ఎవరు? కలకత్తాలో ఒక బ్రిటిష్ అడ్వర్టైజింగ్ ఏజెన్సీలో ఉద్యోగి. మనలాగే తొమ్మిదింటికెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే మనిషి. 1947లో చిదానంద దాస్‌గుప్తా వగైరా మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. వాళ్ళు వేసుకున్న మొదటి సినిమా 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్'. మరుసటేడు 'స్టేట్స్‌మన్'లో మన సినిమాల్లో లోపమేమిటో చెప్తూ ఒక వ్యాసం రాశాడు. అంటే సినిమా తియ్యక ముందు ఆయన కూడా ఫ్రీలాన్స్ విమర్శకుడే. 1949లో జాఁ రెన్వార్ 'ది రివర్' కోసం లొకేషన్లు వెతుక్కుంటూ కలకత్తా వస్తే వెంట తిరిగి ఊళ్ళు చూపించాడు. 1950లో ఏజెన్సీ లండన్ పంపితే అక్కడున్న కొద్ది నెలల్లో వందదాకా సినిమాలు చూశాడు. వాటిలో ఒకటి 'బైసికిల్ థీవ్స్'. వీధుల్లో, నటులు కానివాళ్ళతో, మామూలు వెలుతురులో సినిమా తియ్యొచ్చన్న మాట. తిరుగు ప్రయాణంలో ఓడ మీదే 'పథేర్ పాంచాలి' స్క్రిప్టు పని మొదలుపెట్టాడు. బిభూతిభూషణ్ నవలని మద్దిపట్ల సూరి తెలుగులో ఇచ్చారు కాబట్టి మనలో చాలామందికి దుర్గ, అపు సినిమా కంటే ముందే తెలుసు. రాయ్ కూడా ఆ నవలకి అంతకుముందే బొమ్మలు వేశాడు, పిల్లల కోసం కుదించి వేసిన సంస్కరణకి.

1952 జనవరిలో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తా తిరిగింది. 'బైసికిల్ థీవ్స్', 'రషోమన్' అప్పుడే మనవాళ్ళ కళ్ళబడ్డాయి. బిమల్ రాయ్ 'దో బిఘా జమీన్' మరుసటేడు వచ్చింది. ఫెస్టివల్ అనేది బహుమతులు పంచే చోటు మాత్రమే కాదు, ఎక్కడివాళ్ళో తీసిన సినిమా మన పని మార్చేసే చోటు కూడా అనడానికి నాకు దొరికిన మొదటి సాక్ష్యం ఇది.

అదే ఏడాది అక్టోబర్‌లో రాయ్ షూటింగ్ మొదలుపెట్టాడు. ఒక ఆదివారం రెల్లుపూల మధ్య అపు, దుర్గల దృశ్యం కొంత తీసి, తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మిగతా దృశ్యం కోసం మళ్ళీ ఏడాది ఆగాల్సొచ్చింది. కెమెరామన్ సుబ్రత మిత్రాకి ఇరవై ఒక్కేళ్ళు. అంతకు ముందు మూవీ కెమెరా పట్టింది లేదు. డబ్బుకి ఇన్సూరెన్స్ పాలసీ, గ్రామఫోన్ రికార్డులు, భార్య బిజొయా నగలు అన్నీ అయిపోయాయి. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సాయం చేసింది. పేరులో 'పథం' ఉంది కదా, ఆ ఖర్చుని రోడ్ల అభివృద్ధి పద్దులో రాశారని చెప్పుకుంటారు.

మధ్యలో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ నుంచి మన్రో వీలర్ అనే ఆయన కలకత్తా వచ్చి స్టిల్స్ చూసి, ఇది పూర్తిచేసి మాకివ్వండి అన్నాడు. తర్వాత జాన్ హ్యూస్టన్ వచ్చి కొన్ని నిమిషాల సైలెంట్ ఫుటేజ్ చూసి బాగుందని కబురు పంపాడు. 1955 మే 3న న్యూయార్క్‌లో, సబ్‌టైటిల్స్ కూడా లేకుండా, మొదటి ప్రదర్శన. ఆగస్టులో కలకత్తాలో విడుదల. మొదట్లో థియేటర్లు నిండలేదు. నోటి మాటగా పాకి తర్వాత నిండాయి.

*

కేన్స్‌కి వద్దాం. 1956. మన దేశం తరఫున 'పథేర్ పాంచాలి' పోటీలో ఉంది. దానికిచ్చిన వేళ రాత్రి. అప్పటికి జ్యూరీ రోజుకి ఎన్నో సినిమాలు చూసి అలిసిపోయి ఉంది. పైగా అదే వేళకి జపాన్ బృందం ఒక పార్టీ ఇచ్చింది. చాలామంది అటు వెళ్ళారు. ప్రదర్శన అయిపోయింది. కథ అక్కడితో ముగిసిపోవాలి. పోటీలో పడి, ఎవరూ చూడక, డబ్బాల్లో తిరుగు ప్రయాణం కట్టిన సినిమాలు ఏటా డజన్లు.

ముగియకపోవడానికి కారణం చూసిన కొద్దిమందిలో కొందరు ఊరుకోకపోవడం. ఆంద్రే బజాన్, లోట్టె ఐస్నర్, జార్జ్ సదూల్, లిండ్సే ఆండర్సన్, జీన్ మాస్కోవిట్జ్. వాళ్ళు అడిగింది బహుమతి కాదు. ఇంకో ఆట. జ్యూరీ మొత్తం కూచుని చూసేలా ఇంకొక్క ఆట వెయ్యండి అని పట్టుబట్టారు. వేశారు. ఆ ఏటి పెద్ద బహుమతి కూస్తో, లూయీ మాల్‌ల సముద్రపు డాక్యుమెంటరీ 'ది సైలెంట్ వరల్డ్'కి వెళ్ళింది. 'పథేర్ పాంచాలి'కి ఉత్తమ మానవీయ పత్రం అని ఒక బహుమతి ఇచ్చారు.

నాకు ఆ బహుమతి కంటే ఆ ఐదుగురి మీదే ఆసక్తి. వాళ్ళెవరికీ జ్యూరీలో ఓటు లేదు.

లిండ్సే ఆండర్సన్ బెంగుళూరులో పుట్టిన ఇంగ్లీషువాడు. ఆక్స్‌ఫర్డ్‌లో 'సీక్వెన్స్' అనే చిన్న పత్రిక నడిపి, 1956 ఫిబ్రవరిలోనే లండన్‌లో 'ఫ్రీ సినిమా' పేరుతో తన, మిత్రుల చిన్న చిత్రాలని వేసినవాడు. సదూల్ చరిత్రకారుడు, కమ్యూనిస్టు. మాస్కోవిట్జ్ అమెరికన్ వ్యాపార పత్రిక 'వెరైటీ'కి పారిస్ నుంచి రాసేవాడు. రాజకీయాల్లో గానీ అభిరుచుల్లో గానీ వీళ్ళని ఒక బల్ల ముందు కూర్చోబెట్టడం కష్టం.

లోట్టె ఐస్నర్ కథ ఇంకా వేరు. బెర్లిన్‌లో సినిమా విమర్శకురాలు, యూదు స్త్రీ. 1933లో హిట్లర్ రాగానే పారిస్ పారిపోయింది. యుద్ధంలో గుర్స్ నిర్బంధ శిబిరంలో పడింది, బయటపడి మారుపేరుతో బతికింది. ఆ అజ్ఞాతంలోనే, ఆన్రీ లాంగ్లువా జర్మన్ల కంటబడకుండా ఒక పాత కోటలో దాచిన ఫిల్మ్ డబ్బాలకి కాపలా కాసింది. యుద్ధం తర్వాత సినెమాథెక్‌లో ఆమెది అదే పని, ఎవరికీ పట్టని రీళ్ళని పోకుండా చూడటం. తనని తరిమేసిన దేశపు సినిమా మీదే 'ది హాంటెడ్ స్క్రీన్' అనే గొప్ప పుస్తకం రాసింది. 1974లో ఆమెకి జబ్బు చేస్తే, తాను నడిచి వెళ్తే ఆమె బతుకుతుందని నమ్మి వెర్నర్ హెర్జోగ్ మ్యూనిక్ నుంచి పారిస్ దాకా చలిలో కాలినడకన వెళ్ళాడు. ఆమె ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. ఒక విమర్శకురాలి కోసం ఒక దర్శకుడు అంత దూరం నడిచాడన్న సంగతి మొదట చదివినప్పుడు కాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఇక బజాన్. మాస్టారు కావాలనుకున్నాడు. నత్తి వల్ల పరీక్షలో తప్పించేశారు. క్లాసురూమ్ దొరకని ఆ మాస్టారు, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో సినీక్లబ్ పెట్టాడు. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీల్లో, కార్మిక సంఘాల హాళ్ళలో సినిమాలు వేసి, ఆట అయ్యాక ఆ నత్తితోనే మాట్లాడేవాడు. 1951లో 'కాయె ద్యు సినెమా' పత్రిక స్థాపకుల్లో ఒకడు. దినపత్రికలకీ వారపత్రికలకీ రాసినవి కలుపుకుని రెండు వేలకి పైగా వ్యాసాలు రాశాడు. నలభై ఏళ్ళకే లుకేమియాతో చనిపోయాడు. ఆయన చెప్పినదాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే: కెమెరాకి లోకాన్ని ముక్కలు చేసే శక్తితో పాటు, లోకం ఎదుట ఓపిగ్గా నిలబడే శక్తి కూడా ఉంది. షాట్‌ని కత్తిరించకుండా వదిలితే, ఎటు చూడాలో ప్రేక్షకుడే వెతుక్కుంటాడు. వర్షంలో తడిసే దుర్గనీ, నీళ్ళ మీద పురుగులనీ తొందర లేకుండా చూసే సినిమా ఆయనకి ఎందుకు పట్టిందో ఊహించడం కష్టం కాదు.

ఈ కథలో నాకు గుచ్చుకునే ముల్లు ఇంకొకటుంది. ఫ్రాన్స్వా త్రూఫో. తల్లిదండ్రులకి పట్టని ఆ కుర్రాణ్ణి బజాన్ చేరదీశాడు. సైన్యం నుంచి పారిపోయి జైల్లో పడితే విడిపించి ఇంట్లో పెట్టుకున్నాడు, రాయడం నేర్పాడు. ఆ త్రూఫో 'పథేర్ పాంచాలి' చూస్తూ మధ్యలో లేచి వెళ్ళిపోయాడని ప్రతీతి. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. ఫ్రాన్స్‌లో అందరికంటే పదునైన కలం. గురువు ఏ సినిమాకి రెండో ఆట కోసం తిరిగాడో, శిష్యుడు దానికి మొదటి ఆట కూడా పూర్తిగా కూచోలేదన్నమాట.

సినిమా పిచ్చి ఉన్నంత మాత్రాన కళ్ళు తెరుచుకుంటాయని లేదు. త్రూఫో కంటే ఎక్కువ పిచ్చి ఎవరికుంది?

*

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1957లో 'అపరాజితొ' వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. కలకత్తాలో ఆడని సినిమా అది. ఆ బహుమతి ఊతంతోనే 1959లో మూడోది, 'అపుర్ సంసార్', వచ్చింది. ఆ ఏడు డిసెంబర్‌లోనే దేశంలోని ఫిల్మ్ సొసైటీలు కలిసి ఫెడరేషన్ పెట్టుకున్నాయి. రాయ్ అధ్యక్షుడు. ఎక్కడెక్కడి రాయబార కార్యాలయాల నుంచో ప్రింట్లు తెచ్చి, ఊరూరా పదహారు ఎంఎం ప్రొజెక్టర్ల మీద వేసిన ఆ సొసైటీల కథ వేరే వ్యాసం. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఆ కుదురులోదే. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని తెలుగులో 'ఒక ఊరి కథ'గా తీశాడంటే, ఆ సినిమాకి చూసేవాళ్ళు ఎంతో కొంత ఉన్నారంటే, ఆ చీకటి గదుల్లోనే తయారయ్యారు.

1958లో కేన్స్ త్రూఫోని విలేకరిగా కూడా రానివ్వలేదు, అంతగా తిట్టి రాశాడు ఆ ఫెస్టివల్‌ని. అదే ఏడు నవంబర్ 10న తన మొదటి పెద్ద సినిమా 'ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్' షూటింగ్ మొదలుపెట్టాడు. మర్నాడు బజాన్ పోయాడు. మరుసటేడు కేన్స్‌లోనే త్రూఫోకి ఉత్తమ దర్శకుడి బహుమతి. సినిమాని బజాన్ స్మృతికి అంకితమిచ్చాడు.

1962లో ఫ్రెంచ్ విమర్శకుల సంఘం కేన్స్‌లో తమ సొంత విభాగం మొదలుపెట్టింది, క్రిటిక్స్ వీక్. మొదటి, రెండో సినిమాలు తీసేవాళ్ళకి మాత్రమే. ఆరేళ్ళ కిందట ఐదుగురు బతిమాలుకున్న పనికి ఇప్పుడు ఒక తెర, ఒక పేరు వచ్చాయి. కెన్ లోచ్ 'కెస్', వాంగ్ కార్ వై మొదటి సినిమా, ఇన్యారిటు 'అమోరెస్ పెర్రోస్' ఆ తెర మీంచే లోకానికి తెలిశాయి.

*

ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పకుండా పై కథ చెప్పే అర్హత నాకు లేదనిపిస్తోంది.

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక చిన్న తెలుగు సినిమా వచ్చింది. కొత్త కుర్రాళ్ళు, స్నేహితుల డబ్బులు. ఒకే మల్టీప్లెక్స్‌లో మధ్యాహ్నం ఆట, మూడు రోజులు. ఆ ముందు రాత్రంతా మాకు ప్రొడక్షన్ రిలీజ్. తెల్లారి ఆరింటికి లాప్‌టాప్ మూసి, రెండు గంటలు పడుకుని సినిమాకెళ్ళాను. ఇండిపెండెంట్ సినిమాకి అండగా నిలవాలి కదా! మధ్యలో ఎప్పుడో నిద్రపోయాను. లేచాక కాసేపు చూసి, ఇంటర్వెల్ తర్వాత బయటికొచ్చేశాను. ఆ రాత్రే ఒక వెబ్ పత్రికకి రివ్యూ రాశాను. అందులో ఒక వాక్యం: "ఈ సినిమాలో కెమెరా కదలదు, కథ కదలదు, చివరికి ప్రేక్షకుడే కదిలి వెళ్ళిపోతాడు." ఆ వాక్యాన్ని చాలామంది షేర్ చేశారు. నిజం చెప్పొద్దూ, గర్వంగా అనిపించింది.

సినిమా వెళ్ళిపోయింది. ఏ ఓటీటీలోకీ రాలేదు. గత ఏడాది ఎవరో ఆ సినిమా గురించి అడిగితే నెట్‌లో వెతికాను. ట్రైలర్ లింక్ పనిచెయ్యట్లేదు. ఇంటర్వ్యూ ఒక్కటి లేదు. ఆ సినిమా ఉండేదనడానికి నెట్‌లో నాకు దొరికిన ఆధారం నా రివ్యూ ఒక్కటే. పూర్తిగా చూడని మనిషి రాసింది.

అదే రోజుల్లో 'పథేర్ పాంచాలి' నెగెటివ్‌ల గురించి చదివాను. 1993లో లండన్‌లో హెండర్సన్స్ అనే ల్యాబ్ కాలిపోయింది. అపు మూడు సినిమాల నెగెటివ్‌లూ అందులో ఉన్నాయి. కాలి ముద్దైపోయిన ఆ డబ్బాలని ఎవరో పారెయ్యలేదు, అమెరికాలో అకాడమీ ఆర్కైవ్‌లో దాచారు. ఇరవై ఏళ్ళ తర్వాత బొలోన్యా నిపుణులు ఆ పెళుసు ఫిల్ముకి మళ్ళీ తేమ పట్టించి, అంచులు చేత్తో అతికి, వాడదగిన భాగాలు బయటికి తీశారు. 'పథేర్ పాంచాలి'లో దాదాపు నలభై శాతం అలా అసలు నెగెటివ్ నుంచే వచ్చింది. మిగతాది ఇతర ప్రింట్ల నుంచి. 2015లో న్యూయార్క్‌లో, అరవై ఏళ్ళ కిందట మొదటిసారి వేసిన ఆ మ్యూజియంలోనే మళ్ళీ వేశారు. కాలిపోయిన దానికి కూడా ఇంకో ఆట ఉంటుంది, ఎవరైనా పట్టుబడితే.

ఆ కుర్రాడి, అంటే ఆ దర్శకుడి ఈమెయిల్ సంపాదించి రాశాను. ఏం రాయాలో తెలీక మూడు రోజులు పట్టింది. సినిమా పూర్తిగా చూడకుండా రాశానని చెప్పాను. చూపిస్తారా అని అడిగాను. రెండు రోజులకి ఫోన్ చేశాడు. ఇప్పుడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు. "మీ లైన్ మా కెమెరామన్‌కి ఇప్పటికీ కంఠతా వచ్చండీ" అన్నాడు, నవ్వుతూనే. హార్డ్ డిస్క్ ఉందట.

ఒక శనివారం మియాపూర్‌లో మిత్రుడి ఫ్లాట్‌లో ఏడుగురం కూచున్నాం. అందరి పనులూ అయ్యేసరికి రాత్రి పది. గోడ మీద ప్రొజెక్టర్. సినిమా మహాద్భుతం అని చెప్పను. సెకండాఫ్‌లో మాటలు ఎక్కువ, ఒక పాత్ర అనవసరం, సౌండ్ చాలాచోట్ల పోయింది. కానీ నేను నిద్రపోయిన చోట ఒక దృశ్యం ఉంది. పొలంలో ఒకావిడ మోటరు దగ్గర కూచుని కరెంటు కోసం ఎదురుచూస్తుంటుంది. నాలుగు నిమిషాలు. కెమెరా కదలదు. కదలదు నిజమే. ఆమె ఎక్కడికి కదలగలదు గనక? కరెంటు వస్తుంది, పైపులో నీళ్ళ చప్పుడు మొదలవుతుంది, ఆమె లేవదు. ఇంకాసేపు అలాగే కూచుంటుంది. ఆ లేవకపోవడంలో ఆ సినిమా మొత్తం ఉంది.

అయిపోయాక లైట్ వేశాం. దర్శకుడు మాతో ఏమీ అనలేదు. "సౌండ్ ఇంకా బాగా చేసుండాల్సింది" అని మాత్రం అన్నాడు.

రివ్యూ అంటే తీర్పు అనుకుని రాసేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఆ ఐదుగురు చేసింది అర్జీ పెట్టుకోవడం. అయ్యా, మీరు సరిగ్గా చూడలేదు, ఇంకోసారి చూడండి అని. ఓటు లేనివాడు చెయ్యగలిగింది అంతే, అదేం తక్కువ పని కాదు. పాత రివ్యూని నేను తీసెయ్యలేదు. తీసేస్తే నా తప్పు మాయమవుతుంది, దాంతో పాటు ఆ సినిమా ఆనవాలు కూడా. దాని కిందే రెండోది రాసి పెట్టాను. ఏ తేదీన చూశానో, ఎన్ని గంటలకి మొదలైందో, చివరిదాకా చూశానని కూడా రాశాను.

ఆ ఫ్లాట్‌లో వచ్చే నెల మళ్ళీ వేస్తున్నాం. ఈసారి పన్నెండు మంది వస్తామన్నారు. కుర్చీలు చాలవు, చాపలు తెచ్చుకోమన్నాను.